ప్లాస్టిక్ పైపుల ప్రెషర్ టెస్ట్ ఫెయిలైతే ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సైట్ల మీద క్వాలిటీ చూసే ఉద్యోగం నాది. ప్రెషర్ టెస్ట్ అంటే కొత్త లైన్‌లో నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి ఎక్కించి, అది తగ్గకుండా నిలుస్తుందా అని గేజ్ ముల్లు చూడటం. కొత్తగా చేరిన సైట్ ఇంజనీర్ల నుంచి సొంతిల్లు కట్టుకుంటున్న చుట్టాల దాకా అందరూ అడిగేది ఒకటే. "పంపు కొట్టాం, ముల్లు దిగిపోతోంది, ఇప్పుడేం చేయాలి?" ఆ జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మన ఇళ్ల గోడల్లో ఎక్కువగా పోయేది సీపీవీసీ (వేడినీళ్లకూ తట్టుకునే గట్టి ప్లాస్టిక్) కాబట్టి మాట దాని చుట్టూనే తిరుగుతుంది. పీపీఆర్, హెచ్‌డీపీఈ అనే మెత్తటి ప్లాస్టిక్ పైపుల లెక్క వేరు, వాటి సంగతి విడిగా చెప్పాను. 'కిలోలు' అన్నచోటల్లా చదరపు సెంటీమీటరుకు అన్ని కిలోలని అర్థం. సైట్‌లో అందరూ అనేది అలాగే. ఒక కిలో అంటే పది మీటర్ల ఎత్తు నీళ్లు చూపే ఒత్తిడి. బార్ అన్నా ఇంచుమించు అంతే.

ముల్లు దిగిందంటే లీకు ఉన్నట్టేనా?

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. లైన్‌లో ప్రెషర్ తగ్గిందని మాత్రమే గేజ్ చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. జాయింట్ కారినా తగ్గుతుంది. లోపల గాలి చిక్కుకున్నా తగ్గుతుంది. మధ్యాహ్నం వేడెక్కిన నీళ్లు సాయంత్రానికి చల్లబడినా, కొత్తగా ప్రెషర్ తగిలిన పైపు వెంట్రుకవాసి సాగినా తగ్గుతుంది. వీటన్నిటికంటే ముందు అనుమానించాల్సింది మన టెస్ట్ సామాను. చేతిపంపు నాన్ రిటర్న్ వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్లు వెనక్కి తొట్టిలోకి పోతుంటాయి, మనమేమో టార్చిలైటు పట్టుకుని గోడల వెంట తిరుగుతుంటాం. ఉద్యోగంలో మొదటి ఏడాది నేను ఒక రోజంతా అలా తిరిగాను.

అందుకే టెస్ట్ ఫెయిలవడం వేరు, లైన్ ఫెయిలవడం వేరు అనుకోండి. లైన్‌లోనే తప్పుందని తేలేదాకా ఒక్క జాయింట్ కూడా కోయొద్దు. లైన్ బాగుందని తేలేదాకా పైపు కోసం గోడలో కొట్టిన గాడి ఒక్కటి కూడా పూడ్చొద్దు.

ఎన్ని కిలోలు పెట్టాలి? ఎంతసేపు?

కాంట్రాక్టు స్పెసిఫికేషన్‌లో ఏముంటే అదే. అందులో ఏమీ రాయకపోతే, వాడకంలో వచ్చే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు అనేది మామూలు సూత్రం. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) స్పెసిఫికేషన్లలో నీటి పైపులకు 6 కిలోలు పెట్టి, పంపు ఆపాక కనీసం అరగంట తగ్గకుండా నిలవాలని ఉంటుంది. మా సైట్లలో గోడ లోపలి సీపీవీసీకి 10 కిలోలు, రెండు గంటలు పెడతాం.

ఐదంతస్తుల ఇంటికి మిద్దె మీద ట్యాంకు ఉంటే కింది అంతస్తు కుళాయి దగ్గర వచ్చేది రెండు కిలోలకు కాస్త అటూఇటూ. మరి పది ఎందుకు సార్ అని ప్రతి ప్లంబరూ అడుగుతాడు. ఎందుకంటే జాయింట్ అతికే సొల్యూషన్ రాయడం మరిచిపోయి ఊరికే దూర్చి వదిలేసిన జాయింట్ కూడా బిగువు మీద రెండు మూడు కిలోలు ఆపేయగలదు. ట్యాంకు నీళ్లు వదిలి 'చూశాం, కారలేదు' అనేవాళ్లకు దొరకనిది ఆ జాయింటే. అది గృహప్రవేశం అయ్యాక దొరుకుతుంది.

పైపుకేమీ కాదు. ఎస్‌డీఆర్ అంటే పైపు బయటి వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, అది చిన్నదైతే గోడ మందం. ఎస్‌డీఆర్ 11 సీపీవీసీకి 23 డిగ్రీల దగ్గర దాదాపు 28 కిలోల రేటింగ్ ఉంది, ఎస్‌డీఆర్ 13.5కి 22.5. అదే 82 డిగ్రీల వేడినీళ్లయితే ఆ రేటింగ్ నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి టెస్ట్ ఎప్పుడూ చల్లటి నీళ్లతోనే, మే నెలలో మిద్దె మీది లైన్ అయితే పొద్దున్నే.

గీజర్, మిక్సర్, ఫ్లష్ వాల్వ్ బిగించక ముందే టెస్ట్ అయిపోవాలి. చాలా గీజర్ల మీద 8 బార్ అని రాసి ఉంటుంది, పది పెడితే మీ టెస్ట్ పాసై గీజర్ పాడవుతుంది.

గేజ్ ఎలాంటిది ఉండాలి, ఎక్కడ పెట్టాలి?

పది కిలోల టెస్టుకు సున్నా నుంచి పదహారు దాకా ఉన్న గేజ్ సరిపోతుంది. కొందరు నలభై కిలోల గేజ్ తెస్తారు. దాని మీద అరకిలో తగ్గితే కంటికి ఆనదు, వాళ్లకు కావాల్సింది కొన్నిసార్లు అదే. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ చూడండి, దాని మీది సీరియల్ నంబరు, గేజ్ మీది నంబరు ఒకటేనా చూడండి. రెండోది చాలామంది చూడరు.

వీలైనంత కింది పాయింట్‌లో పెట్టండి. ఐదో అంతస్తులో గేజ్ పది చూపిస్తుంటే పదిహేను మీటర్ల కింద పదకొండున్నర ఉన్నట్టు. పంపుకూ లైన్‌కూ మధ్య ఒక బాల్ వాల్వ్, ఆ వాల్వ్‌కు లైన్ వైపున గేజ్ ఉండాలి. ప్రెషర్ ఎక్కాక వాల్వ్ కట్టేస్తే పంపు లెక్కలోంచి పోతుంది. ఈ ఒక్క వాల్వ్ లేకపోవడం వల్ల వృథా అయిన గంటలు అన్నీఇన్నీ కావు.

ముల్లు దిగింది. వెంటనే ఏం చేయాలి?

మళ్లీ పంపు కొట్టకండి. అందరి చేయీ ముందు పంపు మీదికే పోతుంది, దాంతో ఉన్న ఆధారం కాస్తా చెరిగిపోతుంది. టైము రాయండి, రీడింగ్ రాయండి, పది నిమిషాలకోసారి చూస్తూ ఉండండి. ముల్లు ఎలా దిగుతోందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. ఆగకుండా కిందికి పోతుంటే లీకు. మొదట గబగబా దిగి, తర్వాత నెమ్మదించి ఒకచోట నిలబడితే గాలి, పైపు సాగడం, వేడి తేడా లాంటివి అయి ఉండొచ్చు.

ఇంకో కిటుకు ఉంది. రైజర్ లైన్‌లో, అంటే కింది నుంచి పై అంతస్తులకు నిలువుగా పోయే లైన్‌లో, గేజ్ కింద ఉండి, ముల్లు సున్నా దాకా పోకుండా 0.9 దగ్గర ఆగిపోయిందనుకోండి. లీకు గేజ్‌కు దాదాపు తొమ్మిది మీటర్ల పైన ఉందన్నమాట. లీకు ఉన్నచోట ప్రెషర్ బయటి గాలితో సమానమయ్యాక, గేజ్‌కు మిగిలేది అక్కడి నుంచి కింది దాకా ఉన్న నీళ్ల ఎత్తే. అంతస్తులు లెక్కపెట్టుకుని నేరుగా వెళ్లొచ్చు.

ఆ తర్వాత చూడాల్సినవి పంపు వాల్వ్, గేజ్ థ్రెడ్ (మరలు), హోస్ క్లిప్, పైపు చివరలు మూయడానికి తాత్కాలికంగా బిగించిన డమ్మీలు. ఫెయిలైన టెస్టుల్లో చాలా వాటికి కారణం లోపలి జాయింట్లు కాదు, సరిగా టెఫ్లాన్ చుట్టని డమ్మీలు. అవి టెస్ట్ అయ్యాక తీసేసేవే కాబట్టి ఎవరూ శ్రద్ధగా బిగించరు.

అన్నీ చూశాం. ఎక్కడా చుక్క లేదు. అయినా ప్రెషర్ పడుతోంది. ఎలా?

నీళ్లు నొక్కితే నొక్కుకోవు అని బళ్లో చదువుకున్నాం కదా, తంటా అంతా దానితోనే. ఒక ఫ్లాట్ లైన్‌లో ఇరవై లీటర్ల నీళ్లున్నాయనుకుందాం. దాన్ని సున్నా నుంచి పది బార్లకు ఎక్కించడానికి, నీళ్లు నొక్కుకున్నంత, పైపు సాగినంత కలిపి అదనంగా పట్టే నీళ్లు ఎనభై మిల్లీలీటర్ల ప్రాంతం, ఒక చిన్న టీ గ్లాసు. అంటే ఒక బార్ పడాలంటే రెండు చెంచాల నీళ్లు బయటికి పోతే చాలు. ఆరు సెకన్లకో చుక్క చొప్పున కారే జాయింట్ గంటలో మూడు నాలుగు బార్లు మింగేస్తుంది. ఆ చుక్కలను సిమెంటు గోడ పీల్చేసుకుంటుంది, మీకు తడి కూడా కనపడదు.

కాబట్టి కళ్లతో కాదు, చేత్తో వెతకాలి. ప్రతి జాయింట్‌ను పొడిగుడ్డతో తుడిచి, పావుగంట ఆగి, టిష్యూ పేపర్ చుట్టి చూడండి. నేల వెంట పోయే లైన్ అయితే జాయింట్ల కింద ముగ్గుపిండి చల్లితే చుక్క పడినచోట మచ్చ తేలుతుంది. మా ప్లంబర్ ఒకాయన దగ్గర నేర్చుకున్నది ఇది. వానాకాలంలో ఒక జాగ్రత్త. చల్లటి బోరు నీళ్లు నింపితే పైపు మొత్తం చెమట పడుతుంది, దాన్ని లీకు అనుకుని కోసిన జాయింట్లు నేను చూశాను. చెమట పైపు పొడవునా ఉంటుంది, లీకు ఒక్కచోటే ఉంటుంది.

అప్పటికీ దొరక్కపోతే లైన్‌ను సగం చేయండి. వేడినీళ్ల లైన్, చన్నీళ్ల లైన్ కలిపి ఒకేసారి టెస్ట్ చేయడానికి డైవర్టర్ (షవర్ దగ్గర వేడినీళ్లు, చన్నీళ్లు కలిసే వాల్వ్) దగ్గర లూప్ పైపు వేస్తారు కదా, ముందు దాన్ని తీసి రెండూ విడివిడిగా చూడండి. ఏది దిగితే దాన్ని మళ్లీ సగం చేయండి. నాలుగుసార్లు సగం చేసేసరికి పదహారో వంతు లైన్ మిగులుతుంది. ఒక బాత్రూమ్ గోడ కంటే ఎక్కువ ఉండదు.

గాలి చిక్కుకుందని ఎలా తెలుసుకోవాలి?

పంపు కొట్టేటప్పుడే తెలుస్తుంది. నిండా నీళ్లున్న లైన్‌లో కొన్ని దెబ్బలకే ముల్లు చకచకా లేస్తుంది. గాలి ఉంటే ఎంత కొట్టినా బద్ధకంగా లేస్తుంది, చేతికి స్పాంజి నొక్కినట్టు ఉంటుంది. ఇంకా నమ్మకం కావాలంటే ప్రెషర్ ఎక్కించి ఒక పాయింట్ కొద్దిగా వదలండి. గాలి లేకపోతే చిన్న చిమ్ము వచ్చి వెంటనే చచ్చిపోతుంది. గాలి ఉంటే నీళ్లు చాలాసేపు చిమ్ముతూనే ఉంటాయి.

మందు తేలికే. కింది నుంచి నెమ్మదిగా నింపండి, పైపాయింట్లన్నీ తెరిచి పెట్టి, ఒక్కొక్క చోట బుడగలు లేకుండా నీళ్లు వచ్చాకే డమ్మీ బిగించండి. షవర్ పాయింట్, గీజర్ పాయింట్ మరిచిపోవద్దు, గాలి దాక్కునేది అక్కడే.

లీకు దొరికింది. జాయింట్ అంచు మీద సొల్యూషన్ పూస్తే ఆగుతుందా?

ఆ రోజుకు ఆగుతుంది. అందుకే అది ప్రమాదం.

సొల్యూషన్ అంటే జిగురు కాదు. పైపు పైపొరనూ ఫిట్టింగ్ లోపలి పొరనూ కరిగించి రెంటినీ ఒకటి చేసేది. కారిన జాయింట్ మీద బయట పూస్తే అది తడి మీద ఆరిన పెంకులా అంటుకుంటుంది. రీటెస్ట్ దాటుతుందేమో కానీ వేడినీళ్లకు సాగి, చన్నీళ్లకు ముడుచుకుని ఏదో ఒక రోజు ఊడుతుంది. ఎంసీల్, సిమెంటు, సైకిల్ ట్యూబు చుట్టడం, వీటన్నిటికీ ఇదే జవాబు. ఒకసారి అతికిన ఫిట్టింగ్‌ను మళ్లీ వాడలేం. కోసి పారేసి కొత్తది వేయాల్సిందే.

కోసేటప్పుడు ఫిట్టింగ్ పక్కనే కోయకండి. రెండు పైపు ముక్కలను కలిపే కొత్త కప్లర్లు పూర్తిగా కూర్చోవడానికి, పైపు కాస్త వంగడానికి చోటు ఉండేలా గాడిని రెండు వైపులా పొడిగించండి. ఇరుకులో లాగి పెట్టి అతికిన జాయింట్ మీద ఎప్పుడూ బరువు ఉంటుంది. ఇక అన్నిటికంటే ముఖ్యం, పైపు పూర్తిగా పొడిగా ఉండాలి. పై అంతస్తు నుంచి సన్నగా నీళ్లు జారుతుంటే ఆ తడి మీదే అతికేస్తారు. రిపేరు చేసిన జాయింటే మళ్లీ కారడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇదే. లైన్ అడుగున తెరిచి ఖాళీ చేయండి, లోపల పొడి నూలుగుడ్డ తిప్పండి, ఓపిక లేకపోతే మర్నాడు చేయండి.

జాయింట్లు ఎందుకు ఫెయిలవుతాయి?

కోసిన జాయింట్‌ను పారేయకండి. దాన్ని నిలువునా హాక్సాతో చీల్చి చూడండి, చేసిన తప్పు అందులో రాసిపెట్టి ఉంటుంది. పైపు అంచు సాకెట్ అడుగుకు చేరలేదా? అతికాక పట్టుకోకుండా వదిలేశారు. సాకెట్ లోపలికి పోను పోను సన్నబడుతుంది కాబట్టి తడి జాయింట్ పైపును వెనక్కి తోస్తుంది. అందుకే దూర్చాక పావు చుట్టు తిప్పి అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి. సొల్యూషన్ ఒక పక్కే ఉందా? బ్రష్ చుట్టూ తిప్పలేదు, లేదా పెద్ద సైజుకు చిన్న బ్రష్ వాడారు. లోపల గోళీలా గడ్డ కట్టిందా? ఎక్కువ పూశారు. ఆ గడ్డ పైపు గోడను లోపలి నుంచి మెత్తబరుస్తుంది. పైపు అంచు మీద పొడవాటి గీతలున్నాయా? కోసిన అంచును గీకకుండా, అంచు వాలు తీయకుండా దూర్చారు. ఆ పదును సొల్యూషన్‌ను గీకేసి ముందుకు తోసేసింది.

అసలు అతకక ముందే ఒక పరీక్ష ఉంది. పొడిగా దూర్చినప్పుడు పైపు సాకెట్‌లో మూడో వంతుకూ మూడింట రెండొంతులకూ మధ్య ఆగాలి. గడగడలాడుతూ అడుగు దాకా పోతే ఆ ఫిట్టింగ్, ఆ పైపు ఒకదానికొకటి సరిపోవు. వేర్వేరు కంపెనీలవి కలిపినప్పుడు ఇది జరగొచ్చు.

సొల్యూషన్ డబ్బా సంగతి. సీపీవీసీ సొల్యూషన్ వేరు, చన్నీళ్లకు వాడే యూపీవీసీ పైపులది వేరు. మూత తెరిచి ఎండలో పెట్టిన డబ్బా మధ్యాహ్నానికి హల్వాలా అవుతుంది. దాంట్లో థిన్నర్ పోసి పల్చన చేస్తుంటే డబ్బా లాక్కోండి, మొహమాటపడొద్దు. వందల రూపాయల డబ్బా కోసం లక్షల టైల్స్ పణంగా పెట్టడం ఏ లెక్కలోనూ రాదు.

థ్రెడ్ జాయింట్ల కథ వేరు. ప్లాస్టిక్ ఆడ థ్రెడ్‌లో, అంటే లోపలి వైపు మరలున్న ఫిట్టింగ్‌లో, ఇనుప నిపుల్ (రెండు చివరలా మరలున్న పొట్టి పైపు) బిగించొద్దు, ఇత్తడి థ్రెడ్ ఉన్న ఫిట్టింగులు ఉన్నది అందుకే. కారుతోందని పైపు రెంచితో ఇంకో చుట్టు తిప్పితే ఫిట్టింగ్ చీలుతుంది, అది కొన్నిసార్లు వారం తర్వాత బయటపడుతుంది. చేత్తో బిగించి పైన ఒకటి రెండు చుట్లు చాలు. జీఐ (ఇనుప పైపుల) రోజుల్లో మరలకు పూసిన సఫేదా, జనపనార ఇక్కడ వద్దు, టెఫ్లాన్ టేపు మాత్రమే.

రిపేరు చేశాక ఎంతసేపటికి మళ్లీ టెస్ట్ చేయొచ్చు?

డబ్బా మీద పట్టిక ఉంటుంది, సైజు, చలి, తేమ పెరిగేకొద్దీ టైము పెరుగుతుంది. మా సైట్లలో నేను పెట్టిన నియమం అన్నిటికీ 24 గంటలు. 'ఎండాకాలం సార్, రెండు గంటల్లో ఆరిపోతుంది' అంటారు. అర అంగుళం పైపుకు నిజమే కావొచ్చు, షాఫ్ట్‌లోని (పైపులు నిలువుగా పోయే సందులోని) రెండంగుళాల లైన్‌కు కాదు. పచ్చి జాయింట్‌లోకి పది కిలోలు ఎక్కిస్తే మెత్తటి సొల్యూషన్‌లో నీళ్లు సన్నటి దారి చేసుకుంటాయి, బాగున్న జాయింట్‌ను మనమే పాడుచేసినట్టు అవుతుంది.

రీటెస్ట్ అంటే మొత్తం టెస్ట్. ఫెయిలైనది గంటన్నర దగ్గర కదా, మిగిలిన అరగంట చూస్తే చాలు అనే బేరాలు కుదరవు. సున్నా నుంచి రెండు గంటలు.

జాయింట్ కాదు, పైపే పగిలింది. పైపు మంచిది కాదా?

ముందే కంపెనీని తిట్టకండి. పగులు ఎలా ఉందో చూడండి. చివరి నుంచి మొదలై పొడవునా పోయిన సన్నటి గీత అయితే లారీ మీంచి విసిరేసిన పైపు, లేదా మొద్దు కట్టర్‌తో నొక్కి కోసిన పైపు. ఎండలో నెలల తరబడి పడున్న పైపు ఇంకా పెళుసు. కోసిన చివర పగులు కనిపిస్తే, కంటికి కనిపించిన చోటు నుంచి ఇంకో 50 మిల్లీమీటర్లు అవతలికి కోసేయాలి, పగులు కనిపించే దానికన్నా పొడవుంటుంది.

మధ్యలో పగిలితే అక్కడ మేకు, డ్రిల్, పార దెబ్బ ఉందేమో వెతకండి. ఇంకో రకం పగులు నెలల తర్వాత వస్తుంది. సీపీవీసీకి కొన్ని నూనెలు, గ్రీజు, పెయింట్లు, చెదల మందులు పడవు. కరెంటు వైరు మెత్తటి పీవీసీ తొడుగు దాన్ని ఆనుకుని ఉన్నా మంచిది కాదు. అది ప్రెషర్ టెస్టులో బయటపడదు, గాడిలో వైరు, పైపు కలిపి పోతుంటే మీరే విడదీయాలి.

ఒకే బ్యాచ్ పైపులు రెండు మూడు చోట్ల కారణం లేకుండా పగిలితే మాత్రం పైపు మీద అచ్చేసిన బ్యాచ్ నంబరు, ఐఎస్ 15778 (సీపీవీసీ పైపుల భారతీయ ప్రమాణం) గుర్తు, ఎస్‌డీఆర్ ఫొటో తీసి ఆ బ్యాచ్ వాడకం ఆపించండి.

నీళ్లు దొరకడం లేదు. కంప్రెసర్ గాలితో టెస్ట్ చేయొచ్చా?

వద్దు. నీళ్ల టెస్టులో పైపు పగిలితే ఒక చిమ్ము వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే నీళ్లు నొక్కుకున్నదే లేదు. గాలి స్ప్రింగులా నొక్కుకుని కూర్చుంటుంది, పగిలిన క్షణాన పైపు ముక్కలను తూటాల్లా విసురుతుంది. పీవీసీ, సీపీవీసీలు వంగవు, పెంకుల్లా పగులుతాయి. ఒక ట్యాంకరు నీళ్లు తెప్పించండి.

పీపీఆర్, హెచ్‌డీపీఈ పైపులకూ ఇదే పద్ధతా?

కాదు, ఇక్కడే చాలామంది మంచి లైన్‌ను ఫెయిల్ చేస్తారు. ఈ రెండూ మెత్తటి ప్లాస్టిక్‌లు. ప్రెషర్ తగలగానే గంటల తరబడి సాగుతూనే ఉంటాయి, లీకు లేకపోయినా ముల్లు దిగుతుంది.

పీపీఆర్ కంపెనీల మాన్యువళ్లలో మామూలుగా ఉండే పద్ధతి ఇది. 10 బార్ వాడకానికి 15 బార్ పెట్టి, అరగంటలో పది నిమిషాల ఎడంతో రెండుసార్లు తిరిగి నింపుతారు. ఆ తర్వాతి అరగంటలో 0.6 బార్ కంటే ఎక్కువ పడకూడదు. వెంటనే రెండు గంటల అసలు టెస్టు, అందులో 0.2 బార్ మించి పడకూడదు. పది డిగ్రీల వేడి తేడా వస్తే ఆ ఒక్కదానికే అర బార్ నుంచి ఒక బార్ దాకా మారుతుంది, కాబట్టి ఎండ పడే గోడ మీద మధ్యాహ్నం చేసిన పీపీఆర్ టెస్టును నేను పాసూ అనను, ఫెయిలూ అనను. మళ్లీ పొద్దున చేయమంటాను.

హెచ్‌డీపీఈకి ఏఎస్‌టీఎం ఎఫ్ 2164 అనే అమెరికన్ ప్రమాణంలోని పద్ధతి వాడతారు. టెస్ట్ ప్రెషర్ ఎక్కించి నాలుగు గంటలు నీళ్లు కలుపుతూ పైపును సాగనిస్తారు. తర్వాత 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 కిలో తగ్గించి, నీళ్లు కలపకుండా ఒక గంట చూస్తారు. ఆ గంటలో ప్రెషర్ 5 శాతం లోపలే ఉంటే పాస్. మొత్తం ఎనిమిది గంటలు దాటకూడదు. దాటినా, ఫెయిలైనా, ప్రెషర్ వదిలేసి కనీసం ఎనిమిది గంటలు పైపును విశ్రాంతిగా ఉంచాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఊళ్లలో నీటి పథకాల లైన్లు వేసేటప్పుడు ఈ విశ్రాంతి మాటే ఎత్తరు. ఫెయిలైన గంటకే మళ్లీ పంపు కొడతారు, అప్పటికి సాగి ఉన్న పైపు వేరేలా నడుచుకుంటుంది, ఆ రీడింగ్‌కు అర్థం ఉండదు.

ఫ్యూజన్ జాయింట్ (వేడితో కరిగించి అతికినది) కారితే పైన వేడి చేసి అద్దడం ఉండదు, కోసి కొత్తగా ఫ్యూజన్ చేయడమే. కంప్రెషన్ ఫిట్టింగ్ నట్టును ప్రెషర్ ఉండగా బిగించొద్దు. 110 మిల్లీమీటర్ల లైన్ చివరి క్యాప్ మీద 9 కిలోల ప్రెషర్ అంటే దాదాపు 850 కిలోల తోపు, చిన్న కారు బరువు. దానికి ఎదురుగా మనిషి నిలబడకూడదు, వెనక ఆనింపు లేకుండా టెస్ట్ మొదలుపెట్టకూడదు.

పొడవాటి యూపీవీసీ బయటి లైన్లకు కొద్దిపాటి నీళ్లు కలపడానికి అనుమతి ఉంటుంది. వాడే లెక్క: రోజుకు, కిలోమీటరుకు, ప్రతి 10 మిల్లీమీటర్ల వ్యాసానికి, ప్రతి 3 కిలోల ప్రెషర్‌కు 1.5 లీటర్లు. అర కిలోమీటరు 110 లైన్‌కు 6 కిలోల దగ్గర రోజుకు 16.5 లీటర్లు వస్తుంది. ఈ లెక్క ఇంటి లోపలి లైన్లకు తెచ్చి చూపించేవాళ్లున్నారు. ఇంట్లో అనుమతి సున్నా.

డ్రైనేజీ పైపులకు ప్రెషర్ టెస్ట్ ఉందా?

పంపు పెట్టొద్దు. అవి ఒత్తిడి కోసం చేసినవి కావు. కింద ప్లగ్ వేసి నీళ్లు నింపి మట్టం దిగుతుందేమో చూడటమే. ఒకేసారి పదంతస్తులు నింపితే అడుగున పది మీటర్లకో కిలో చొప్పున పడుతుంది కాబట్టి అంతస్తులవారీగా చేయండి.

"కొద్దిగానే దిగింది సార్, పర్లేదు" అంటే ఏం చెప్పాలి?

ప్లాస్టరింగ్ మేస్త్రి బయట నిలబడి ఉంటాడు, టైల్స్ దిగి ఉంటాయి, ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్ చేస్తుంటాడు. ఆ టెన్షన్‌లో 'పర్లేదు' అనడం చాలా తేలిక. నేను చెప్పేది ఒకటే: ఎందుకు దిగిందో చెప్పు, సంతకం పెడతాను. గాలి అంటావా, గాలి తీసి చూపించు. ఎండ అంటావా, రేపు పొద్దున ఆరింటికి పెట్టు. కారణం తెలిసిన అరకిలోతో నాకు పేచీ లేదు, కారణం తెలియని పావుకిలోతోనే పేచీ.

ఇక మోసాలు. గేజ్‌కూ లైన్‌కూ మధ్య ఇంకో వాల్వ్ ఉంచి దాన్ని కట్టేస్తే లైన్‌లో ఏమైనా ముల్లు కదలదు. టెస్ట్ చివర లైన్‌కు అవతలి చివర ఒక డమ్మీ మీరే వదిలించండి. ముల్లు వెంటనే పడిపోవాలి. పడకపోతే మీరు రెండు గంటలు చూసింది అడుగు పొడవు పైపును. ఈ పరీక్షకు అర నిమిషం పడుతుంది, నేను ఎవరి మీదా అనుమానం లేకపోయినా ప్రతిసారీ చేస్తాను.

రికార్డులో ఏం రాయాలి? ఫెయిలైంది కూడా రాయాలా?

ముఖ్యంగా అదే రాయాలి. ఏ ఫ్లాట్, ఏ లైన్, గేజ్ నంబరు, మొదలైన టైము, ప్రెషర్, చివరి రీడింగ్, అప్పటి ఎండ, లీకు దొరికిన చోటు, కారణం, ఎవరు అతికారు, రీటెస్ట్ తేదీ. గోడ మూయకముందు ఫొటో, పక్కన టేపు పెట్టి. ఫెయిలైన కాగితం చించేసి పాసైనది మాత్రమే ఫైల్లో పెట్టే అలవాటు చాలా సైట్లలో ఉంది. కానీ నాలుగు ఫ్లాట్ల రికార్డు పక్కపక్కన పెట్టి చూస్తే, మూడు లీకులూ ఒకే మనిషి చేసిన గీజర్ పాయింట్ల దగ్గరే అని తేలేది ఆ కాగితాల వల్లనే.

అలా ఒకే కారణం మళ్లీ కనిపిస్తే ఎన్‌సీఆర్ (పని నిబంధన ప్రకారం లేదని రాసే నివేదిక) రాయాలి. అప్పుడు కారిన జాయింట్ బాగుచేయడంతో సరిపోదు, అదే మనిషి అదే రోజుల్లో చేసిన, కారని జాయింట్లలో కూడా రెండు మూడు కోసి చూడాలి. లోపల సొల్యూషన్ నిండా ఉంటే మిగతావి ఉంచండి. సగం సగం ఉంటే టెస్ట్ పాసైనా సరే, అవన్నీ తీయించడమే నయం. ఈ మాట చెప్పినప్పుడు గొడవ జరుగుతుంది, జరగనివ్వండి.

టైల్స్ వేసేశాక ప్రెషర్ పడిపోయింది. గోడంతా పగలగొట్టాలా?

ముందు ఏ బాత్రూమ్, వేడా చన్నీళ్లా అన్నది విడదీయండి. తర్వాత టైల్స్ వేశాక ఆ గోడకు ఎవరు ఏం బిగించారో అడగండి. టవల్ రాడ్, అద్దం, గీజర్ హుక్ కోసం వేసిన డ్రిల్ రంధ్రాల్లో ఒకటి నేరుగా పైపులోకి పోయి ఉండటం మామూలే. వేడినీళ్ల లైన్ అయితే వేడినీళ్లు నింపి థర్మల్ కెమెరాతో చూస్తే తడి పాకిన చోటు తేలుతుంది. చన్నీళ్లకు ఆ సుఖం లేదు, రాత్రి నిశ్శబ్దంలో గోడకు చెవి ఆనించి వినే ప్లంబర్లు ఇప్పటికీ ఉన్నారు. గాడి మూయకముందు తీసిన ఫొటో ఉంటే రెండు టైల్స్‌తో పోతుంది.

సొంతిల్లు కట్టుకుంటున్నాను, ఇంజనీర్ లేడు. నేనేం చేయగలను?

ప్రెషర్ టెస్ట్ చేతిపంపు అద్దెకు దొరుకుతుంది, మీ ప్లంబర్‌కు ఎక్కడో తెలిసే ఉంటుంది. పని మాట్లాడుకునేటప్పుడే 'పది కిలోలు, రెండు గంటలు, నా ఎదురుగా' అని చెప్పండి, చివరి బిల్లులో కొంత దానికి ముడిపెట్టండి. గేజ్‌ను మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఫోన్‌తో ఫొటో తీయండి, టైము దాంట్లోనే పడుతుంది.

టెస్ట్ పాసయ్యాక నీళ్లు వదిలేయొద్దు. ప్రెషర్ మూడు కిలోలకు దించి, గేజ్ అలాగే ఉంచి ప్లాస్టరింగ్, టైల్స్ పని చేయించండి. మేస్త్రి సుత్తి పైపుకు తగిలిన రోజే ముల్లు పడిపోతుంది. పొద్దున సైట్‌కు వెళ్లగానే, టీ తాగకముందే, ఒకసారి గేజ్ వైపు చూడండి.